సింహం చిక్కిపోవడం ఒక్కరోజు పని కాదు

సింహాచలం కొండ మీద సింహాలు లేవు. ఆసియా సింహం ఒకప్పుడు తూర్పున బిహార్ దాకా తిరిగింది గానీ, దక్షిణాన నర్మద దాటి ఇటు రాలేదని చెబుతారు. అందుకే విశాఖవాసులకు సింహం అంటే రెండే గుర్తొస్తాయి. ఒకటి, కొండ మీద చందనం పూత లోపల కొలువున్న అప్పన్న. రెండోది, 1977లో తెరిచిన ఇందిరాగాంధీ జూలో మధ్యాహ్నం ఎండకి కళ్లు మూసుకుని పడుకున్న సింహం. పిల్లలు కేకలేసినా, చప్పట్లు కొట్టినా అది లేవదు. "పాపం, ఒంట్లో బాలేదేమో" అని ఎవరో ఒకరు అంటారు. చాలాసార్లు దానికి ఏమీ అయ్యుండదు. రోజులో ఇరవై గంటల దాకా పడుకునే జంతువు అది.

ఒంట్లో బాగున్న సింహాన్నీ బాగోలేని సింహాన్నీ విడదీసి చెప్పడం పది అడుగుల దూరం నుంచే ఇంత కష్టం. ఇక అడవిలో సంగతి చెప్పనక్కర్లేదు. ఆఫ్రికా అడవుల నుంచి అప్పుడప్పుడు ఒక ఫొటో ఫోన్లలో తిరుగుతుంది. మగసింహం, జూలు రాలిపోయి, తుంటి ఎముకలు పొడుచుకొచ్చి, ఎముకల గూడు నడిచొస్తున్నట్టు ఉంటుంది. రెండు నెలల కిందటి దాకా మందకి రాజు అని కింద రాసుంటుంది. టీబీ అని ఒకరు, ముసలితనమని ఇంకొకరు తేల్చేస్తారు. ఏ జబ్బు అన్నది తర్వాత మాట. అసలు అదంతా ఆ రెండు నెలల్లోనే జరిగిందా అన్నది ముందు అడగాలి.

తెలుగులో టీబీని క్షయ అంటాం. క్షయ అంటే తరిగిపోవడం. దక్షుడు తన ఇరవై ఏడుగురు కూతుళ్లని చంద్రుడికిచ్చి పెళ్లి చేస్తే, చంద్రుడు రోహిణి ఒక్కదాన్నే చేరదీశాడనీ, మామగారి శాపంతో క్షయ పట్టిందనీ కథ. ప్రభాస తీర్థంలో స్నానం చేశాకే ఆయనకి కాస్త ఉపశమనం దొరికిందట. ఆ ప్రభాసమే ఇప్పటి సోమనాథ్. ఆసియా సింహాలు మిగిలిన గిర్ అడవికి కూతవేటు దూరం అనొచ్చు, జిల్లా పేరే గిర్ సోమనాథ్. ఇది కాకతాళీయమే గానీ, పోలిక మాత్రం బాగా కుదిరింది. చంద్రుడు ఒక్కసారిగా మాయం కాడు. రోజుకో కళ చొప్పున తగ్గుతాడు. పైకి చూడనివాడికి మాత్రం మొన్న పున్నమి, ఇవాళ అమావాస్య.

పశువు నుంచి దున్నకి, దున్న నుంచి సింహానికి

మనుషులకి ఎక్కువగా వచ్చే క్షయ క్రిమిని రాబర్ట్ కాక్ 1882లో గుర్తించాడు. దానికి దగ్గరి చుట్టం ఒకటుంది, మైకోబ్యాక్టీరియం బోవిస్. ఇది పశువుల క్షయ. అడవి సింహాలకి వచ్చే టీబీ చాలావరకు ఇదే. మనకి ఈ క్రిమి పరాయిదేమీ కాదు. బీసీజీ టీకా తయారైంది దీని నుంచే. ఫ్రాన్స్‌లో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు పదమూడేళ్ల పాటు ఈ పశువుల క్రిమిని 230 సార్లు ఒక పెంపకం నుంచి మరో పెంపకానికి మార్చి, దాని కోరలు పీకేశారు. 1921లో మొదటిసారి ఒక పసిబిడ్డకి ఇచ్చారు. మనలో చాలామందికి ఎడమ భుజం మీద ఉండే చిన్న గుంట మచ్చ ఆ పశువుల క్రిమి వదిలిన గుర్తే.

కోరలు పీకని క్రిమి అడవిలో ఏం చేస్తుందో అందరికన్నా బాగా చూసింది దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ పార్కు. దాని విస్తీర్ణం దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్లు. పాడేరు, అరకు, అనకాపల్లి అన్నీ కలిసున్న పాత విశాఖ జిల్లా అందులో సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఆ పార్కుకి దక్షిణపు హద్దు క్రొకడైల్ నది. నదికి అవతల పాడిపశువుల ఫారాలు. యూరప్ నుంచి తెచ్చిన పశువులతో పాటు ఈ జబ్బు కూడా ఆఫ్రికాకి దిగింది. 1950, 60ల్లో ఎప్పుడో ఆ ఫారాల పశువుల నుంచి పార్కులోని దున్నలకి అంటుకుందని అంచనా. అయితే క్రూగర్ దున్నల్లో క్షయ ఉందని తేలింది 1990లో. మధ్యలో ముప్ఫై ఏళ్లు జబ్బు నిశ్శబ్దంగా మందలో తిరిగింది. అలాంటి జబ్బుకి 'హఠాత్తుగా' అనే మాట ఎలా అతుకుతుంది?

ఆఫ్రికా దున్నలు వందల సంఖ్యలో ఒకదానికొకటి ఆనుకుని మేస్తాయి, ఆనుకునే పడుకుంటాయి. దగ్గు, ఊపిరి, చీమిడి, అన్నీ ఉమ్మడి సొత్తే. కాబట్టి క్షయ క్రిమికి అంతకంటే మంచి ఇల్లు దొరకదు. జబ్బు అంటిన దున్న కూడా ఏళ్ల తరబడి మామూలుగానే మేస్తుంది, ఈనుతుంది. వానలు పడక గడ్డి ఎండిపోయిన ఏడాది మాత్రం మందలో వెనకబడిపోతుంది. సింహం కన్ను పడేది సరిగ్గా అలా వెనకబడిన దున్న మీదే. బలహీనమైనదాన్ని ఏరి తినడం వల్ల మందకి మేలని పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటాం. మందకి మేలు కావచ్చు. సింహానికి మాత్రం ఆ సులువైన వేటలోనే జబ్బు కూడా వడ్డనకి వస్తుంది.

వేట ఎలా సాగుతుందో దగ్గరగా చూస్తే జబ్బు ఎలా మారుతుందో అర్థమవుతుంది. అయిదారు వందల కిలోల దున్నని పడగొట్టాక ఒక సింహం దాని గొంతు పట్టుకుంటుంది, లేదా మూతినంతా తన నోటిలో ఇరికించుకుని ఊపిరాడకుండా చేస్తుంది. కొన్ని నిమిషాల పాటు దున్న వదిలే గాలంతా సింహం ముఖం మీదే. ఆ తర్వాత పొట్ట చీల్చి, మెత్తటి భాగాలు ముందు లాగుతాయి. దున్నలో క్షయ గడ్డలు కట్టేది ఊపిరితిత్తుల్లో, గొంతు దగ్గరి గ్రంథుల్లో. మనం మాంసం కొట్టువాడిని అడిగి తీయించేసే భాగాలు అవి. సింహానికి అవే ముందు కావాలి. పైగా తినేటప్పుడు ఒకదాన్నొకటి తోసుకుని, కరుచుకుని, మూతులు చీరుకుంటాయి. నోటి నిండా క్రిమి ఉన్న సింహం కాటు వేస్తే ఆ గాయమూ ఒక దారే.

దున్నల్లో బయటపడిన అయిదేళ్లకి, 1995లో, క్రూగర్ సింహాల్లో ఈ జబ్బు తేలింది. తర్వాత పార్కు దక్షిణం నుంచి మెల్లగా ఉత్తరానికి పాకింది. 2008 నాటికి హద్దు దాటి జింబాబ్వేలోని గొనరెజో పార్కు దున్నల్లోనూ కనిపించింది. కుడూ అనే జాతి జింకలు, అడవిపందులు, చిరుతలు, చివరికి ఖడ్గమృగాలు కూడా ఆ జాబితాలో చేరాయి. 2016లో అదే క్రూగర్‌లో ఒక మగ ఏనుగు చనిపోతే, పోస్ట్‌మార్టంలో దొరికింది పశువుల క్రిమి కాదు, మనుషుల టీబీ క్రిమి. ఇచ్చిపుచ్చుకోవడాలు రెండు వైపులా నడుస్తున్నాయన్నమాట.

ఉన్నట్టుండి అనిపించేదెందుకు?

క్షయ పట్టిన సింహం మనిషిలా దగ్గుతూ కూర్చోదు. చాలావాటిలో మొదట కనిపించేది మోచేతి దగ్గర. ముందరి కాలి మోచిప్ప మీద నిమ్మకాయంత, ఒక్కోసారి అంతకన్నా పెద్ద వాపు, లోపల నీరు పట్టినట్టు మెత్తగా ఉంటుంది. నడకలో చిన్న కుంటు. కొన్నిటికి కంటిగుడ్డు మీద తెల్లటి పొర కమ్ముతుంది. వెంట్రుకల నిగనిగ పోతుంది. పది రోజుల్లో మానాల్సిన గీతలు నెలలైనా మానవు. ఇవన్నీ విడివిడిగా చూస్తే ఏమంత లెక్కలోవి కావు. సింహమన్నాక కుంటడం, గాయాలు మామూలేగా అనుకుని జీపు ముందుకెళ్లిపోతుంది.

బరువు తగ్గడం కూడా అంత తేలిగ్గా పట్టుబడదు. సింహం ఒక్క పూటలో తన బరువులో అయిదో వంతు దాకా మాంసం మింగేయగలదు. తిన్న రోజు పొట్ట నేలకి వేలాడుతుంది, నాలుగు రోజులు వేట దొరకకపోతే లోపలికి అతుక్కుపోతుంది. పొట్ట చూసి ఆరోగ్యం చెప్పబోతే తప్పడం ఖాయం. అనుభవం ఉన్నవాళ్లు చూసేది వెన్నెముకనీ తుంటినీ తొడ కండనీ. ఎముకకి రెండు వైపులా కండ తగ్గి గుంటలు పడ్డాయంటే, అది నాలుగు రోజుల ఆకలి కాదు.

అసలు కిటుకు మాత్రం మందలో ఉంది. పులి ఒంటరి జంతువు. జబ్బు చేసిందంటే ఆ వారమే పస్తు, దాని క్షీణత దాచేవాళ్లు లేరు. సింహం అలా కాదు, ఉమ్మడి కుటుంబం. వేటాడలేని ఆడసింహం కూడా తోటివి పడగొట్టిన దున్న దగ్గరికి కుంటుకుంటూ వచ్చి తింటుంది. అలా ఏడాది, రెండేళ్లు జబ్బుని మంద మోస్తుంది. పైకి అంతా బాగానే కనిపిస్తుంది. ఒక ఎండాకాలం వేట దూరమవుతుంది, మంద రాత్రికి ఇరవై కిలోమీటర్లు నడవాల్సి వస్తుంది. అది నడవలేదు. అక్కడితో పళ్లెం ఆగిపోయింది. ఆ తర్వాత నాలుగైదు వారాలు చాలు, ఎముకలు తేలడానికి. చూసినవాళ్లకి కనిపించేది ఆ నాలుగైదు వారాలే.

మగసింహం కథ ఇంకో రకం. దాని పదవి బలం మీద నిలబడింది. కండ కాస్త తగ్గిందని పక్క ఇలాకాలోని కుర్ర సింహాలు పసిగట్టాయంటే ఒక రాత్రి తేలిపోతుంది. ఓడిన సింహం గాయాలతో మంద వదిలి పోతుంది. తర్వాత గాయం చీము పట్టో, ఆకలికో పోతుంది. కాగితం మీద కారణం 'పోరులో గాయాలు' అని ఉంటుంది. అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆ పోరు దగ్గర ఓడడానికి రెండేళ్ల ముందే ఓడడం మొదలైంది.

మనుషుల దగ్గరా ఇదే మాట వినిపిస్తుంది. విశాఖలో పాతవాళ్లు ఇప్పటికీ టీబీ ఆసుపత్రి అనే పిలిచే వాల్తేరు ఛాతీ ఆసుపత్రికి అయినా, ఊళ్లో చిన్న క్లినిక్‌కి అయినా రోగిని తెచ్చిన ఇంటివాళ్లు "నెల రోజుల్లో సగమైపోయాడండి" అంటారు. రెండు వారాలకి మించి దగ్గు ఉందా, సాయంత్రం జ్వరం వస్తోందా, రాత్రి చెమటలు పడుతున్నాయా అని ఒక్కొక్కటే అడుగుతూ పోతే, మొదలు సంక్రాంతికి ముందే ఎక్కడో తేలుతుంది. తిండికీ ఈ జబ్బుకీ ఉన్న ముడి కూడా రెండు చోట్లా ఒకటే. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లలోవాళ్లకి పప్పు, బియ్యం వంటివి అదనంగా ఇచ్చి చూస్తే, వాళ్లకి కొత్తగా జబ్బు రావడం దాదాపు 40 శాతం తగ్గిందని 2023లో వెలువడిన అధ్యయనం చూపింది. సింహం విషయంలో ఆ పప్పు, బియ్యం స్థానంలో ఉన్నది మంద పడగొట్టే దున్న. చిక్కు ఏమిటంటే, దాన్ని నిలబెట్టే తిండీ జబ్బు తెచ్చిన తిండీ ఒకటే.

మూడో రోజు రాని రోగి

మాంటూ పరీక్ష చాలామందికి తెలిసిందే. ముంజేతి మీద చిన్న సూది గుచ్చి, పెన్నుతో చుట్టూ గుండ్రంగా గీసి, "తడపకండి, మూడో రోజు వచ్చి చూపించండి" అంటారు. అక్కడ గట్టిపడి ఉబ్బితే కొలుస్తారు. సింహాలకి చేసేదీ ఇంచుమించు అదే. రోగి మాత్రం మూడో రోజు రాదు.

అందుకని క్రూగర్‌లో పెద్ద తతంగం నడుస్తుంది. రాత్రిపూట ఒక కళేబరాన్ని చెట్టుకి గొలుసులతో కట్టేస్తారు, లాక్కుపోకుండా. లౌడ్‌స్పీకర్‌లో దున్న దూడ అరుపు వేస్తారు. కొంతసేపటికి చీకట్లోంచి సింహాలు ఒక్కొక్కటే వస్తాయి. మత్తు సూది తుపాకీతో కొట్టి పడుకోబెట్టి, మెడ మీద రెండు చోట్ల వెంట్రుకలు గొరిగి, చర్మం మడత మందం కొలుస్తారు. ఒక చోట పశువుల క్షయ సారం, రెండో చోట పక్షుల క్షయ సారం ఎక్కిస్తారు. రెండోది ఎందుకంటే, మట్టిలో నీళ్లలో ఉండే తోటి క్రిములు తగిలినా చర్మం ఉబ్బుతుంది. ఆ రెంటి మధ్య తేడా చూస్తే గానీ అసలు దొంగ తెలియడు. డెబ్బై రెండు గంటల తర్వాత అదే సింహాలని మళ్లీ పట్టుకుని, మళ్లీ మత్తిచ్చి, మళ్లీ కొలవాలి. లేదా ఆ మూడు రోజులూ బోనులో ఉంచాలి. ఒకే ఒక్కసారి రక్తం తీసి తేల్చే పరీక్షల మీద స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చాలాకాలంగా పనిచేస్తున్నది ఈ బాధ పడలేకే.

పరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆ సింహం రేపో మాపో పోతుందని కాదు. క్రిమి లోపల ఉండి కూడా ఏళ్ల పాటు వేటాడి, పిల్లల్ని కని, ఇంకేదో కారణంతో పోయేవి ఉంటాయి. ఇక్కడే ఒక సంగతి ఒప్పుకోవాలి. 1990ల చివర్లో క్రూగర్ సింహాలు తుడిచిపెట్టుకుపోతాయని గట్టి భయమే ఉండేది. అలా జరగలేదు. 2000 దశకం మధ్యలో జరిగిన సర్వేలో అక్కడ 1,600కు పైగా సింహాలు తేలాయి. జబ్బు సింహాలని విడివిడిగా చంపుతోంది గానీ మొత్తం సంతతిని కూల్చలేదు. టీబీ పేరు చెప్పగానే సింహజాతి అంతరిస్తోందని రాసేయడం అందుకే సరికాదు.

నిజంగా వారాల్లో చంపేది వేరే ఉంది

సింహాలు నిజంగానే టపటపా రాలిపోతే, ముందు అనుమానించాల్సింది క్షయని కాదు, కుక్కల డిస్టెంపర్‌ని. కుక్కపిల్లలకి పశువైద్యుడి దగ్గర వేయించే 'సెవెన్ ఇన్ వన్' టీకాలో మొదట ఉండే పేరు అదే. ఈ వైరస్‌కి ఏళ్లు అక్కర్లేదు. ముక్కూ కళ్లూ కారడం, విరేచనాలు, ఆ తర్వాత మెదడుకెక్కితే ముఖం కండరాలు అదరడం, మూర్ఛలు. 1994లో టాంజానియాలోని సెరెంగెటీలో దాదాపు వెయ్యి సింహాలు, అంటే అక్కడున్న వాటిలో మూడో వంతు, నెలల వ్యవధిలో పోయాయి. పార్కు చుట్టూ ఊళ్లలోని కుక్కల నుంచి వచ్చిందని తేల్చారు.

అయితే అక్కడా కథ ఒక్క వైరస్‌తో ముగియలేదు. అంతకు ముందూ తర్వాతా అదే వైరస్ సింహాల్లో తిరిగి, పెద్దగా చంపకుండానే వెళ్లిపోయిన సంవత్సరాలు రక్తపరీక్షల్లో కనిపించాయి. మరి 1994లో ఏమైంది? 1993లో తీవ్రమైన కరువు. దున్నలు బక్కచిక్కి, ఒళ్లంతా పిడుదులు పట్టాయి. పిడుదులు మోసే బేబీసియా అనే రక్తపు పరాన్నజీవి ఆ దున్నల్ని తిన్న సింహాలకి విపరీతంగా ఎక్కింది. అదే సమయానికి డిస్టెంపర్ వచ్చి రోగనిరోధక శక్తిని పడగొట్టింది. రెండూ కలిసి చంపాయి. 2001లో పక్కనే ఉన్న ఎన్‌గోరోంగోరో అగ్నిపర్వత బిలంలోనూ ఇదే జంట కనిపించింది. ఎటు తిప్పినా దారి మళ్లీ బక్కచిక్కిన దున్న దగ్గరికే వస్తోంది.

మన దేశంలో 2018 సెప్టెంబరులో గిర్ తూర్పు భాగంలోని దల్‌ఖానియా రేంజ్‌లో మూడు వారాలు తిరక్కుండా 23 సింహాలు చనిపోయాయి. మొదట్లో కొట్లాటలే కారణమన్న మాట వచ్చింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షల్లో డిస్టెంపర్ బయటపడింది, పిడుదుల బేబీసియా కూడా ఉంది. అమెరికా నుంచి హడావుడిగా టీకాలు తెప్పించారు. గిర్ సింహాలకి ఇంకో బలహీనత ఉంది. గత శతాబ్దం మొదట్లో కొన్ని పదులకి పడిపోయిన సంఖ్య నుంచి పెరిగిన సంతతి ఇది, అన్నీ దగ్గరి చుట్టాలే. ఒకదాన్ని కూల్చిన జబ్బు మరోదాన్ని వదిలే అవకాశం తక్కువ. 2020లో 674, 2025లో 891 అని లెక్క పెరగడం సంతోషమే. ఆ 891 మాత్రం ఒక్క సౌరాష్ట్రలోనే ఉన్నాయి. వాటిలో కొన్నిటిని మధ్యప్రదేశ్‌లోని కునోకి పంపమని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. కునోకి 2022లో చీతాలు వచ్చాయి గానీ సింహాలు ఇంకా బయల్దేరలేదు.

ఇవి రెండూ కాక మిగిలినవి కూడా ఉన్నాయి. అరిగిన పళ్లు, దవడలో ముళ్లపంది ముల్లు, కాలికి బిగిసిన ఉచ్చు తీగ, గజ్జి, విషం పెట్టిన కళేబరం. అడవిలో పదేళ్లు దాటిన మగసింహం ముసలిదే, దానికి జబ్బు పేరు అక్కర్లేదు. ఫొటో చూసి చెప్పగలిగేది ఇంతవరకే. ఎన్నాళ్లలో చిక్కింది, ఒక్కటేనా మంద మొత్తమా, మోచేయి వాచిందా లేక ముఖం అదురుతోందా, ఆ ఏడాది వానలెలా ఉన్నాయి అని అడిగితే అంచనా కాస్త నిజానికి దగ్గరవుతుంది.

కొండ ఇవతల

విశాఖకి ఇదంతా దూరపు ముచ్చటగా కనిపించవచ్చు, కానీ అంత దూరమేమీ కాదు. సర్కస్‌లలో సింహాల ఆటని 1998లో కేంద్రం నిషేధించి, 2001లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేశాక, విడిపించిన సింహాలని పెట్టడానికి దేశంలో ఎంచుకున్న చోట్లలో విశాఖ ఒకటి. జూ పక్కనే వాటికి పునరావాస కేంద్రం కట్టారు. అవి ఆఫ్రికా, ఆసియా సంతతులు కలిసిన సంకర సింహాలు కాబట్టి పిల్లలు పుట్టకుండా చూసి, బతికినంతకాలం మేపడమే అక్కడి పని. అడవిలో చూడడానికి దొరకని ముసలి సింహాన్ని, అంటే జబ్బుతో కాక వయసుతో మెల్లగా తరిగే సింహాన్ని, ఈ నగరం దగ్గరగా చూసింది.

జూ ఉన్న కంబాలకొండ అడవిలో చిరుతలున్నాయి. అటు ఎండాడ, ఇటు హనుమంతవాక, మధురవాడ. అడవి అంచున అపార్ట్‌మెంట్లు, వాటి వెనక చెత్త, చెత్త దగ్గర కుక్కలు. చిరుతకి కుక్క ఇష్టమైన వేట. సెరెంగెటీ అంచున ఊరికుక్కలతో ఉన్న ఇరుగుపొరుగు ఇక్కడా ఉంది. వీధికుక్కలకి కుటుంబ నియంత్రణ ఆపరేషను, రేబిస్ టీకా గురించి నగరంలో గొడవలు చాలానే జరుగుతాయి. డిస్టెంపర్ టీకా మాట మాత్రం పెంపుడు కుక్కల దగ్గరే ఆగిపోయింది.

ఇక పశువులు. బీచ్ రోడ్డు డివైడర్ మీద నెమరేస్తూ కూర్చునే ఆవులు, సింహాద్రి అప్పన్నకి మొక్కుగా ఇచ్చే కోడెదూడలు, శివారులో నాలుగు గేదెలతో పాలు పోసే ఇళ్లు, ఇవన్నీ విశాఖ బతుకులో భాగం. పశువుల క్షయ మన దేశంలోనూ ఉంది. ఇక్కడ బోవిస్‌తో పాటు, ఒకోచోట అంతకన్నా ఎక్కువగా, ఒరిగిస్ అనే మరో చుట్టం కనిపిస్తోందని ఈమధ్య పరిశోధనలు చెబుతున్నాయి. అయినా మనుషులకి పశువుల నుంచి వచ్చే టీబీ పెద్ద ఎత్తున కనిపించకపోవడానికి ఒక కారణం మన వంటింట్లోనే ఉంది. తెలుగిల్లు పాలని కాచకుండా తాగదు. ఉదయం ఒకసారి, విరిగిపోతాయేమోనని సాయంత్రం ఇంకోసారి కాస్తారు. గృహప్రవేశానికి పొంగించేదీ పాలే. ప్యాకెట్ పాలని డెయిరీలో ఒకసారి వేడిచేసే పంపినా, ఇంటికొచ్చాక మళ్లీ పొయ్యెక్కాల్సిందే. ఆ వేడికి క్షయ క్రిమి బతకదు. భయపడాల్సింది, పొదుగు దగ్గరే నురగతో తాగితే బలమని పెద్దలు పొగిడే గుమ్మపాల విషయంలో. సింహం తిండి ఎప్పుడూ గుమ్మపాల లాంటిదే, కాచడమంటూ లేదు.

ఆవు పాలు తాగిన దున్న దూడలు

జబ్బు పట్టిన సింహానికి మందివ్వొచ్చు కదా అంటే, మనిషికే మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, మొత్తం ఆరు నెలలు రోజూ మాత్రలు మింగించడానికి ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరగాల్సొస్తోంది. మధ్యలో ఆపితే మొండి క్రిమి తయారవుతుంది. పైగా బోవిస్ మీద ఆ నాలుగింటిలో ఒకటైన పైరజినమైడ్ పుట్టుకతోనే పనిచేయదు. అడవి సింహానికి వైద్యమన్నది లెక్కలోకి రాని మాట.

కాబట్టి పని చేయాల్సింది దున్నల దగ్గర. దక్షిణాఫ్రికాలోనే ఉన్న హ్లుహ్లువే-ఇంఫోలోజీ పార్కు చిన్నది కాబట్టి, దున్నల్ని మందలు మందలుగా పట్టి పరీక్షించి, జబ్బున్నవాటిని ఏరేసే పద్ధతి అక్కడ ఏళ్ల తరబడి నడిచింది. క్రూగర్ అంత అడవిలో అది కుదిరే పని కాదు. దున్నలకి బీసీజీ ఇచ్చి చూస్తే ఆశించినంత రక్షణ రాలేదు.

దక్షిణాఫ్రికాలో మరో దారి కూడా తొక్కారు. జబ్బున్న మందలోంచి అప్పుడే పుట్టిన దూడల్ని తల్లికి దూరం చేసి తెచ్చి, జబ్బు లేని మంద ఒకటి కొత్తగా పెంచడం. తల్లి దగ్గర ఉంటే క్షయ అంటుతుంది, తల్లి లేకపోతే పాలు లేవు. అందుకని జబ్బు లేదని పరీక్షించి తేల్చిన జెర్సీ ఆవులని తెచ్చి, ఆ దూడల్ని వాటి పొదుగు కింద వదిలారు. పశువుల ఫారం నుంచి నది దాటి వచ్చిన జబ్బు నుంచి తప్పించడానికి దున్న దూడకి పట్టింది మళ్లీ ఫారం ఆవు పాలే.